ఎడమచేతి విందు

మార్తమ్మ పన్నెండేళ్ళు బర్మాలో ఉండి వచ్చింది. ఉండొచ్చి నోరు మూసుకుని కూర్చుంటే ఏ గొడవా ఉండకపోను. ఆవిడకు ఆ గుణమే లేదు. మదనపల్లె మిషన్ కాంపౌండులో ఎవరు దొరికితే వాళ్ళకు మౌల్మేను పట్నం గురించి చెప్పేది.

"డిపోలో ఏనుగులే దుంగలు మోస్తాయమ్మా. మద్యానం గంట కొట్టినారనుకో, మోస్తాండే దుంగను ఆడనే పడేసి తిండికి పోతాయి. దొర వచ్చి బతిమాలినా తొండంతో తాకవు" అనేది బావి దగ్గర.

నీళ్ళు చేదుతున్న ఆడవాళ్ళు పెదవులు బిగబట్టి నవ్వు ఆపుకునేవాళ్ళు. మా వీధి చివరే ఓడలు ఆగేవి అంటే ఒకామె దగ్గేది. కొండ పొడుగునా బంగారు గోపురాలే, సాయంత్రం ఎండ పడితే నదంతా పసుపు కలిపినట్టు ఉండేది అంటే ఇంకొకామె కడవ ఎత్తుకుని వెళ్ళిపోయేది. తమ్ముడి భార్య ఫ్లోరా అయితే మొహానే అనేసేది. "వదినా, ఈ పొద్దు ఏనుగులు యామి సేసినాయో సెప్పు, సంగటి ఉడికేదాకా పొద్దు పోతాది" అని.

ఇంత అన్యాయం ఇంకొకటి ఉంటుందా? ఆవిడ చెప్పినదాంట్లో ఒక్క ముక్క అబద్ధం లేదు. వెంట్రుకంత కూడా కలిపేది కాదు. ఆ ఊరే అట్లా ఉండేది, ఆవిడేం చేస్తుంది?

అదే కాంపౌండులో జయరత్నం అని ఒకడుండేవాడు. యుద్ధం ముగిశాక పట్టాళం నుంచి పంపేస్తే బూట్లతో, ఖాకీ చొక్కాతో ఊరు చేరాడు. పనీ పాటా లేదు. అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ బర్మా ఫ్రంటులో ఉన్నానని చెప్పుకునేవాడు. వాడు మూడేళ్ళూ బెంగళూరులో కంబళ్ళ మూటలు కట్టాడు. బెంగళూరు దాటి ఒక్క అడుగు వేసిన పాపాన పోలేదు. కానీ ఎవరైనా మౌల్మేను ఎట్లుంటుందప్పా అంటే, "యామీ లేదు, ఒక యేరు, ఒక బజారు, ఒగటే వాన" అనేసి మీసం దువ్వుకునేవాడు. ఆ మాట అందరికీ సులువుగా లోపలికి పోయేది. పైగా బూట్లు ఉండెనే! బూట్లు తొడుక్కున్న మనిషి మాట ఎవరు కాదంటారు?

పందొమ్మిది వందల నలభై ఆరు మార్చి నెలలో పాస్టరు జ్ఞానప్రకాశం అయ్యగారికి మౌల్మేను మిషన్ ఆసుపత్రి నుంచి ఉత్తరం వచ్చింది. బాంబులకు కూలిన ఆసుపత్రిని మళ్ళీ తెరుస్తున్నారట. అక్కడి డాక్టరు దొరసాని మందులకోసం మద్రాసు వచ్చి, అట్నుంచి మదనపల్లె కూడా వస్తుందట. ఆ ఊరి బజారూ మనుషులూ తెలిసినవాళ్ళు ఒకరు కావాలి, మీ సంఘంలో ఉంటే చూపించండి, వెంట వచ్చే మంత్రసాని దా మ్యాకు నచ్చితే తీసుకుపోతాం, పని ఆమె చేతి కింద గనక మాట కూడా ఆమెదే అని రాసి ఉంది.

ఆదివారం ఆరాధన చివర అయ్యగారు ఆ ఉత్తరం చదువుతూ ఉంటే మార్తమ్మ పాటల పుస్తకం మూసేసి విన్నది. ఆవిడ మొగుడు దేవసహాయం ఆ ఊళ్ళోనే జ్వరంతో పోయాడు. కొండ కింద సమాధుల దొడ్డిలో ఉన్నాడు. నలభై రెండు జనవరిలో బాంబులు పడుతుంటే పక్కింటి బర్మా ఆమె, పేరు మా తెయిన్, మార్తమ్మ రెక్క పట్టుకుని పడవలోకి తోసింది. "నువ్వు పో. మీ ఆయన్ను నేను చూసుకుంటాలే" అని అరిచింది ఒడ్డు మీదనుంచి. ఆ తర్వాత మా తెయిన్ బతికిందో లేదో కబురు లేదు. నాలుగేళ్ళుగా మార్తమ్మ ఒక్కటే అడుగుతూ వచ్చింది దేవుణ్ణి. ఒకసారి పోవాలి, దాన్ని చూడాలి, చూసి మెడ కావిలించుకుని ఏడవాలి. అంతకన్నా ఆశ లేదు ఆవిడకు.

"నేను పోతానయ్యగారూ" అని లేచి నిలబడింది.

"నేనూ తయారుగా ఉండాను" అని బూట్లు టకటకలాడించాడు జయరత్నం.

అయ్యగారు మంచివాడు. ఎవరినీ నొప్పించలేక సగం జీవితం నలిగిపోయినవాడు. "ఇద్దరిలో ఎవరికి ఊరు బాగా తెలుసో చూసి సంఘం తీర్మానం చేస్తుంది" అన్నాడు. దానికి తగ్గట్టు చిత్తూరు నుంచి పుస్తకాలు అమ్ముకునే మిషన్ ఆయన ఒకడు మ్యాజిక్ లాంతరు బొమ్మల పెట్టె తెచ్చాడు. యుద్ధం తర్వాత మౌల్మేను, గాజు పలకల మీద. శనివారం దీపాలు పెట్టే వేళకు బడి హాల్లో ఆట. బొమ్మలు వివరించే పని జయరత్నానిది. మార్తమ్మ ఆడవాళ్ళ వైపు కూర్చుని, వాడు మరిచిపోయినది అందించాలట.

"పుట్టి బుద్దెరిగినాక నా ఊరు ఇంగొకడు నాకు సూపిచ్చేదా!" అని గొణుక్కుంటూనే ముందు వరసలో కూర్చుంది.

హాలు కిటకిటలాడింది. ఉచితంగా బొమ్మలంటే ఊరుకుంటారా? కురబలకోట నుంచి యశోదమ్మ అనే రైతు పెద్దామె కూడా బండి కట్టించుకుని వచ్చింది. లాంతరు ఆడించేది మార్తమ్మ తమ్ముడు ప్రసాదరావు, బళ్ళో డ్రిల్లు మాస్టరు.

మొదటి బొమ్మ పడింది. పైకప్పు ఎగిరిపోయిన రేవు. రెండోది కాలిన బజారు, మొండి గోడలు, వాటి మధ్యనే రేకులు అడ్డం పెట్టుకుని కూరగాయలు అమ్ముతున్న ఆడవాళ్ళు. మూడోదాంట్లో మునిగిన స్టీమరు కొన నీళ్ళలోంచి పైకి లేచి ఉంది, దాని పక్కనుంచే చిన్న పడవలు బియ్యం మూటలతో వస్తున్నాయి. ఒకడు విరిగిన ఓడ చెక్కలతో ఇల్లు కట్టుకుంటున్నాడు. "ఇది యేరు. ఇది బజారు. ఇవి పడవలు" అంటూ కర్రతో చూపిస్తున్నాడు జయరత్నం. మార్తమ్మ ఏమీ వినలేదు. ఆ కాలిన గోడలన్నీ ఆవిడకు పేరు పేరునా తెలుసు. కళ్ళలో నీళ్ళు ఆగలేదు.

నాలుగో పలకను ప్రసాదరావు తొందరలో తిప్పి పెట్టాడు. ముందు వైపు వెనక్కి పోయింది.

అది రేవు మూలనున్న టీ అంగడి. మార్తమ్మ రోజూ పోయిన అంగడే. కానీ నది ఉండవలసిన వైపు గోడ ఉంది, గోడ ఉండవలసిన వైపు నది ఉంది. చూసిన క్షణమే ఆవిడకు అర్థమైపోయింది. అంతలో యశోదమ్మ గుండెలు బాదుకుంది.

"అయ్యో నా తల్లే! సూడండి సూడండి, అందురూ ఎడం సేత్తో తింటాండారు!"

నిజమే. బల్లల దగ్గర పదిమంది కూర్చుని ఉన్నారు, పదిమందీ ఎడమచేత్తోనే ముద్ద ఎత్తుతున్నారు. అంగడివాడు కూడా ఎడమచేత్తోనే గిన్నె అందిస్తున్నాడు. హాలంతా ఛీ ఛీ అంది.

పలక తిరగబడిందిరా తమ్ముడూ అని చెప్పడానికి మార్తమ్మ నోరు తెరిచింది. తెరిచి, జయరత్నం వైపు చూసింది. వాడి నుదుటిమీద చెమట. కర్ర ఎక్కడ పెట్టాలో తెలియక గాల్లో ఊపుతున్నాడు. నాలుగేళ్ళుగా ఊరు ఊరంతా తనను చూసి నవ్విన నవ్వులన్నీ ఆవిడకు ఒక్కసారిగా గుర్తొచ్చాయి. తెరిచిన నోటితోనే తేనె పూసినట్టు అడిగింది.

"ఏమప్పా జయరత్నం, ఆడ మూడేండ్లు ఉండినోడివి కదా. అది యాల అట్ల తింటాండారు?"

జయరత్నం మీసం దువ్వుకున్నాడు. "అది... ఆ దేశాచారం మార్తమ్మత్తా! ఆడ అందురూ అట్లనే. నేనూ మూడేండ్లు ఎడం సేత్తోనే తింటి. కుడిసెయ్యి ఎత్తితే వాళ్ళకు కోపం" అన్నాడు.

కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది మార్తమ్మ. రేపు పొద్దున్నే అయ్యగారి ముందర పలక తిప్పి పెట్టించి వీడి బండారం బయట పెడతాను అనుకుంది. ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది కూడా.

పొద్దున లేచేసరికి పెట్టె లేదు. బొమ్మలాయన తొలి బస్సుకే చిత్తూరు వెళ్ళిపోయాడు.

మార్తమ్మ పరుగెత్తుకుంటూ పోయి అయ్యగారికి చెప్పింది. "పలక తిరగబడింది అయ్యగారూ. వాళ్ళూ మన మాదిరే కుడిసేత్తో తింటారు. ఎడంసెయ్యి అంటే మనకన్నా ఎక్కువ అసింకం వాళ్ళకు."

"మరి నిన్న యాల చెప్పలేదు?"

ఏం చెబుతుంది? జయరత్నాన్ని ఏడిపించడానికి అని చెబుతుందా? పక్కనే ఉన్న ప్రసాదరావుకు పౌరుషం పొడుచుకొచ్చింది. "పదేండ్లుగా లాంతరు ఆడిస్తాండా. పలక ఎట్ల పెట్టేదో నాకు తెలీదా అక్కా?" అన్నాడు. ఆరాధనకు కూడిన సంఘం అంతా ఏనుగులను తలుచుకుని నవ్వింది. తీర్మానం జయరత్నం పేరు మీద రాసేశారు.

తన కొంగు తానే నిప్పులో పెట్టుకున్నానని మార్తమ్మ ఇంటికొచ్చి తల బాదుకుంది. నిన్న ఒక్క మాట చెప్పుంటే! ఆ ఒక్క నవ్వుకోసం మా తెయిన్‌ను పోగొట్టుకున్నానే అని ఏడ్చింది. ఆవిడ ఏడుపు అట్లా ఉండగానే అసలైన ముచ్చట మొదలైంది.

అయ్యగారికి ఒక ఆలోచన వచ్చింది. మంచివాళ్ళకు వచ్చే ఆలోచనలే కొంప ముంచుతాయి కదా. దేశం కాని దేశం నుంచి దా మ్యా వస్తోంది, సంఘం ఆమెకు విందు పెడుతుంది. విందులో అందరమూ కుడిచేత్తో తింటూ ఉంటే, ఆమె ఒక్కతే ఎడమచేత్తో తింటే, పాపం ఎంత సిగ్గుపడుతుంది! అతిథి మనసు నొప్పించకూడదు. కాబట్టి ఆ రోజు సంఘం యావత్తూ ఎడమచేత్తోనే భోజనం చేయాలి.

అయ్యగారు చెప్పాక తిరుగేముంది! వారం రోజులు కాంపౌండులో ప్రతి ఇంట్లోనూ సాధన. కుడిచెయ్యి ముందుకొస్తే ఫ్లోరా పిల్లల వేళ్ళమీద గరిటెతో కొట్టింది. డ్రిల్లు మాస్టరు ప్రసాదరావు వాకిట్లో వరసగా కూర్చోబెట్టి, "లెఫ్ట్! ముంచు! ఎత్తు! మింగు!" అని ఈల ఊదాడు. సంగటి ముద్ద ఎడమచేత్తో తుంచడం మాటలా? పులుసు మోచేతిదాకా కారేది. ముద్ద గడ్డానికి అంటుకునేది. దారిన పోతూ ఇదంతా చూసిన యశోదమ్మ బండి ఆపించింది.

"ఏందప్పా ఈళ్ళకు? అందురికీ ఒగేపారి పక్షవాతం తగిలినట్టుండాది!" అని బండివాడిని అడిగి, కురబలకోట దాకా అదే చెప్పుకుంటూ పోయింది.

మరుసటి సోమవారం అతిథులు దిగారు. రైలు ప్రయాణానికి దొరసానికి జ్వరం తగిలి బంగళాలో మంచం పట్టింది. విందుకు దా మ్యా ఒక్కతే వచ్చింది. అరవై ఏళ్ళ మనిషి, పొట్టిగా బక్కగా, జట్కాలో జానెడు చుట్ట కాల్చుకుంటూ వచ్చి అయ్యగారి గడప దగ్గర దాన్ని ఆర్పింది. ఇంగ్లీషులో గుడ్ మార్నింగ్, థాంక్యూ తప్ప ఏమీ రావు.

"మాట్లాడు జయరత్నం" అన్నాడు అయ్యగారు.

జయరత్నం ముందుకొచ్చి సెల్యూటు కొట్టి, నోటికొచ్చిన శబ్దాలేవో గడగడా అప్పజెప్పాడు. దా మ్యా మర్యాదగా తల వంచింది. వాడేదో మంత్రం చదివాడనుకుంది కాబోలు.

"ఆమెది కొండల పక్క బర్మా బాస అయ్యగారూ. నాది టౌను బాస" అన్నాడు జయరత్నం చెమట తుడుచుకుంటూ.

బడి హాల్లో పంక్తి వేశారు. దా మ్యాతో కలిపి నలభై ఒక్క విస్తళ్ళు. సంగటి, కోడిపులుసు, రోట్లో నూరిన చెనిక్కాయ ఊరిబిండి. దా మ్యా మధ్యలో, ఆమెకు ఎదురుగా జయరత్నం, అతని పక్కన అయ్యగారు. మార్తమ్మను పులుసు వడ్డించమన్నారు. బాల్చీ పట్టుకుని ఒక పక్కగా నిలబడింది.

అయ్యగారు ప్రార్థన ముగించి ఆమెన్ అన్నాడు. అనగానే నలభై ఎడమచేతులు ఒక్కసారి విస్తళ్ళలో పడ్డాయి.

దా మ్యా కుడిచెయ్యి సంగటి మీదే ఆగిపోయింది. అటు చూసింది, ఇటు చూసింది. గౌరవంగల పెద్దమనుషులు, తెల్లచీరల ఆడవాళ్ళు, చిన్నపిల్లలతో సహా అందరూ అదే చెయ్యి. ఎదురుగా, నీ వెంట వచ్చేది వీడే అని చూపించిన మనిషి, మోచేతిదాకా పులుసు కారుస్తూ ఎడమచేతి వేళ్ళు నాకుతున్నాడు. పైగా ఆమెను చూసి, చూశావా నేను కూడా మీవాణ్ణే అన్నట్టు పళ్ళికిలించాడు. ఆమె మొహం వాడిపోయింది. విస్తరిని మెల్లగా జానెడు దూరం జరిపింది.

జరిపి, తనలో తాను బర్మా మాటల్లో పైకే గొణుక్కుంది. "దేవుడా, ఇటువంటి చేతుల్ని నా ప్రసవాల గదిలోకి రానిస్తానా! రేపే దొరసానికి చెప్పేస్తా. ఈ ఊరి నుంచి ఒక్కరూ వద్దు."

ఆ మాట ఆ హాల్లో ఒక్క మార్తమ్మకే అర్థమైంది.

ఒక్కరూ వద్దంటే తనూ వద్దనే కదా! ఇంకొకసారి ఉత్తరం వస్తుందా, ఇంకొక దా మ్యా వస్తుందా? పోనీ అందరి ముందర గట్టిగా నిజం చెప్పేస్తే? అయ్యగారి తల నేలకు దిగిపోతుంది. తమ్ముడు లాంతరు ముట్టుకోడు ఇక. జయరత్నం ఊళ్ళో తిరగలేడు. తిరగలేకపోతే పోనీ అనిపించింది ఒక క్షణం. కానీ ఇంతమందికి ఎడమచేతి తిండి పెట్టింది తానే కదా, ఆ శనివారం నోరు కట్టుకుని. వాడి అబద్ధానికి దారి చూపింది తానే కదా.

బాల్చీ కింద పెట్టి, పోయి దా మ్యా పక్కన కూర్చుంది.

"థమిన్ సా పీబీలా?" అంది. అన్నం తిన్నావా అని. మౌల్మేనులో ఎదురుపడితే ఎవరైనా ఎవరినైనా అడిగే మొదటి మాట అది.

దా మ్యా గిర్రున తిరిగింది. "నువ్వెవరమ్మా? నీకు మా మాట ఎట్లా వచ్చు?"

నాలుగేళ్ళు నోట్లో పడుకున్న భాష బిలబిలా బయటికొచ్చింది. మార్తమ్మ అంతా చెప్పేసింది. గాజు పలక, తిరగబడ్డ అంగడి, జయరత్నం చెమట, తాను కొంగులో నవ్వుకున్న నవ్వు, మీరు నొచ్చుకోకూడదని వారం రోజులు ఈల మీద జరిగిన సాధన, మీ వెంట తాను రావాలనుకున్న ఆశ. ఏదీ దాచలేదు. దా మ్యా మొదట నోరెళ్ళబెట్టింది. తర్వాత పెదవులు అదిరాయి. తర్వాత ఆ పొట్టి మనిషి పొట్ట పట్టుకుని, కళ్ళ నీళ్ళు కారేటట్టు, విస్తరి మీదికి వంగిపోయి నవ్వింది.

నలభై ఎడమచేతులు గాల్లో ఆగిపోయాయి.

"ఏమైంది మార్తమ్మా? ఏమన్నా తప్పు జరిగిందా?" అయ్యగారు విస్తరి ముందు నుంచి సగం లేచాడు.

"తప్పేముందయ్యగారూ! ఆమెకు సంతోసం పట్టలేకుండా ఉండాది. యాడికి పోయినా ఇట్లాంటి మర్యాద సూళ్ళేదంట. మీరు ఆమెకోసం ఇంత కష్టపడినారు, ఇంగ మీ ఆచారం ఆమె పాటించాలంట. అందురూ కుడిసేత్తో తినండి, నేనూ అట్లనే తింటా అంటాండాది" అంది మార్తమ్మ, రెప్ప వేయకుండా.

హాలంతా ఒక్కసారి ఊపిరి వదిలింది. ఎడమచేతులు కడుక్కోవడానికి తొక్కిసలాట. ఫ్లోరా పిల్లలు అయితే కడుక్కోకుండానే కుడిచేతులు దించేశారు. దా మ్యా కుడిచేత్తో శుభ్రంగా సంగటి తుంచి పులుసులో అద్ది నోట్లో పెట్టుకుంది. "ఎంత సులువుగా నేర్చుకునిందప్పా!" అని మెచ్చుకున్నాడు ప్రసాదరావు.

జయరత్నం మాత్రం ముద్ద ఎత్తలేదు. మొహం తెల్లబోయింది. మార్తమ్మ పులుసు పోయడానికి వంగినప్పుడు, "అత్తా, సెప్పేస్తావా?" అన్నాడు పిల్లి గొంతుతో. "పనిలేక ఇట్ల సేస్తి అత్తా."

"తిను నాయనా, సల్లారతాది" అని వాడి విస్తట్లో ఒక మంచి ముక్క వేసింది. వాడిమీద కోపం ఎప్పుడు పోయిందో ఆవిడకే తెలియలేదు.

తిరిగి వచ్చి కూర్చుంటే దా మ్యా నవ్వడం మానేసి ఆవిడనే చూస్తోంది. "మౌల్మేనులో ఏ వీధి నీది?" అని అడిగింది.

"రేవు దగ్గర, బియ్యం మిల్లు వెనక సందు. మా పక్కిల్లు మా తెయిన్‌ది. నువ్వు ఎరుగుదువా?"

దా మ్యా చేతిలోని ముద్ద విస్తట్లో పెట్టేసింది. తర్వాత మెల్లగా చెప్పింది. ఆ సందు మొత్తం కాలిపోయింది. మిగిలినవాళ్ళు కొండ వాలు మీద రేకులు వేసుకున్నారు. కొందరు నది దాటి దీవిలోకి పోయారు. కొందరు ఎక్కడికి పోయారో తెలియదు. సమాధుల దొడ్డిలో కూడా బాంబులు పడ్డాయి, ఏది ఎవరిదో గుర్తుపట్టలేరు. బజారు మళ్ళీ లేస్తోంది, పడవలు వస్తున్నాయి, పిల్లలు పుడుతున్నారు, చేతులు చాలడం లేదు.

"మా తెయిన్ అన్న పేరుతో నాకు ముప్పైమంది తెలుసు. నీ మా తెయిన్ ఉందో లేదో నేను చెప్పలేను తల్లీ. నీ ఇల్లు లేదు, నీ వీధి లేదు. అక్కడ నీదంటూ ఏదీ మిగల్లేదు. బాగా ఆలోచించుకో. ఇది విన్నాక కూడా వస్తావా?"

మార్తమ్మ తల వంచుకుంది. పంక్తిలో తినడం ఆపి అందరూ ఇటే చూస్తున్నారు.

"ఏమంటాండాది మార్తమ్మా? జయరత్నం గురించా?" అని అడిగాడు అయ్యగారు.

మార్తమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"కాదయ్యగారూ. నన్నే. యా పొద్దు బయల్దేరతావని అడుగుతాండాది" అంది.

అని, దా మ్యా వైపు తిరిగి, బర్మా మాటలో వస్తానని చెప్పింది.